అందరికీ ఏడో నంబరే

ఇప్పుడంటే ఎవరేమడిగినా నవ్వుతూ తప్పించుకోవడం వచ్చింది గానీ, ఉప్పల్ నుంచి నాచారానికి సెవెన్ సీటర్ ఆటోలో ఒంటికాలి మీద వేలాడుతూ ఉద్యోగానికి వెళ్లిన ఆ రోజుల్లో ‘కుదరదు’ అనే మాట నా నోట వచ్చేది కాదు. యంత్రభాగాల డ్రాయింగులు గీసే చిన్న కంపెనీ అది. నెట్‌వర్క్ చూసుకోవడానికి నేనొక్కణ్ణే. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. అప్పుడే ఫోన్లను కూడా కంప్యూటర్ల తీగల్లోకి మార్చారు. ఆ తీగలన్నీ వచ్చి చేరే స్విచ్ అనే పెట్టెలో ఏ తీగకు ముందు దారి ఇవ్వాలో సున్నా నుంచి ఏడు దాకా నంబర్లు పెట్టొచ్చు. ఏడంటే అన్నిటికన్నా ముందు, సున్నా అంటే అన్నిటికన్నా వెనక. మాట తెగకుండా ఉండాలని ఫోన్లకు ఏడు పెట్టాను. అక్కడితో ఆగితే ఇది రాసే పనే ఉండేది కాదు.

సంగతి ఎలా పొక్కిందో గానీ, మర్నాడే అకౌంట్స్ అక్క సకినాల డబ్బాతో వచ్చింది. “తమ్మీ, నా కంప్యూటర్ మస్తు సతాయిస్తుంది. జర నాది గూడ ముందట పెట్టరాదు?” పెట్టాను. తర్వాత డ్రాయింగుల వాళ్లొచ్చారు. ఆ తర్వాత పెద్దసార్ పిలిచి, “నాకు పెట్టకుండా ఎవరెవరికో పెడుతున్నావటేమయ్యా?” అన్నారు. ఆయనకూ ఏడే. (చివరికి నాక్కూడా. స్టేడియంలో మ్యాచ్ ఉన్నరోజు స్కోరు ఆగిపోతే ఎలా?)

ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి విదేశీ పార్టీతో పెద్దసార్ ఫోన్‌లో మాట్లాడాలి. “ఈ ఆర్డరు చెడితే మొదట ఇంటికెళ్లేది నువ్వే” అని పొద్దున్నే చెప్పారు. మూడూ అయిదుకల్లా గాజు తలుపు వెనక ఆయన “హలో, హలో” అని అరవడం మొదలైంది. అవతలి మాట ముక్కలు ముక్కలుగా వస్తోందట. స్టోర్స్ పక్కన స్విచ్ ఉన్న గదిలోకి పరిగెత్తాను. దారిని ఎవరెంత వాడుతున్నారో తెరమీద చూశాను. దారంతా నింపేసింది పెద్దసార్ కంప్యూటరే! కూతురి నిశ్చితార్థం ఫొటోలన్నీ సర్వర్ నుంచి దించుకుంటోంది, అదీ ఏడో నంబరుతో.

అక్కడే ఫ్యూజులు చూసుకుంటున్న ఎలక్ట్రీషియన్ మామ నా మొహం చూసి దగ్గరికొచ్చాడు. “ఏందిరా, గట్ల చెమటలు పడ్తున్నయ్? ఎవరెవరిని ముందట పెట్టినవ్?”

“అందరినీ మామా.”

“అందరు ముందట్నే ఉంటే ఎనకాల ఆగేటోడెవడు? నీదో?”

“నాదీ ఏడే.”

నాది సున్నా చేశాను, అక్కదీ డ్రాయింగుల వాళ్లవీ సున్నా చేశాను, సకినాలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఇక మిగిలింది సార్‌ది. ఆయన గది నుంచి వచ్చేవి రెండు తీగలు, ఒకటి ఫోన్‌ది, ఒకటి కంప్యూటర్‌ది. మామ తీగలకు పేర్లు రాయడు, దారాలు కడతాడు. రెండింటికీ పసుపు దారమే! తెరమీద కంప్యూటర్ పేరు కనిపిస్తుంది గానీ, అది ఏ తీగదో కనిపించదు. తప్పు తీగకు సున్నా పెడితే ఆ కాస్త మాటా మునిగిపోతుంది. “మామా, ఏది?” అన్నాను.

“రెండు ముళ్లు ఏసింది ఫోన్‌ది. ఒక్క ముడి కంప్యూటర్‌ది. ఫికర్ చెయ్యకు, కొట్టు.”

ఒక్క ముడి ఉన్నదానికి సున్నా కొట్టాను. ఇద్దరం సార్ గదివైపు గోడకు చెవులు పెట్టాం. “హలో” అన్న అరుపు ఆగింది. కాసేపటికి పెద్దసార్ నవ్వు వినపడింది.

ఆర్డరొచ్చింది, నా ఉద్యోగమూ పర్మనెంటయింది. ఆ కాగితం చేతికిస్తూ పెద్దసార్, “అంతా బాగుంది గానీ, నా కంప్యూటరే ఈ మధ్య మెల్లగా ఉందయ్యా” అన్నారు. “చూస్తాను సార్” అన్నాను ఎంతో వినయంగా. అక్కడ పనిచేసినన్నాళ్లూ చూడలేదు.

మొన్న మా ఆఫీసులో నెట్‌వర్క్ చూసుకోవడానికి కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచి, నా కంప్యూటర్ ఈ మధ్య నత్తనడక నడుస్తోందన్నాను. తెరమీంచి కళ్లు తిప్పకుండా, “చూస్తాను సార్” అంది ఎంతో వినయంగా. నా నంబరెంతో అడగబోయి, నవ్వొచ్చి, ఊరుకున్నాను.