వాక్కాయ చెట్టుకి పూచీ

ఆకివీడులో మా ఇంటి గేటు పక్కన, నా చిన్నప్పుడు, ఒక వాక్కాయ చెట్టు ఉండేది. చెట్టంటే పెద్దదేం కాదు, మా నాన్న భుజందాకా వచ్చే పొద. ఒళ్లంతా ముళ్లు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తున్న రోజులవి. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ ముళ్లని తప్పించుకుని లోపలికి రావాలి. పోనీ కాయలైనా కాసేదా అంటే అదీ లేదు. ఏటా నాలుగు పూలు పూసి, రెండు పిందెలు వేసి, అవీ రాల్చేసేది.

ఆ ఏడు క్రిస్మస్‌కి అమ్మ కొత్త చీర కట్టుకుని చర్చికి బయల్దేరుతుంటే, కొంగు ఆ ముళ్లకి తగులుకుని బారెడు చిరిగింది. అమ్మ మామూలుగా తాతయ్య ముందు గొంతెత్తే మనిషి కాదు. ఆ రోజు మాత్రం, "మావయ్యగారండీ, ఇంక ఈ ఇంట్లో ఆ చెట్టైనా ఉండాలి, నేనైనా ఉండాలండీ" అనేసింది.

మర్నాడు పొద్దున్నే మా తాతయ్య కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకుని గేటు దగ్గరికొచ్చారు. వీధంతా వినపడేలా, "పూయవు, కాయవు, పైగా మా కోడలి చీర చింపుతావా? ఇవాళ్టితో నీ పని అయిపోయింది" అని చెట్టుని తిట్టడం మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే అంతవరకూ ఆ చెట్టంటే నాకు పెద్ద ఇష్టమేం లేదు. కానీ తిరిగి మాట్లాడలేనిదాన్ని అలా తిడుతూ కత్తి ఎత్తేసరికి ఏడుపొచ్చేసింది. పరిగెత్తుకెళ్లి, చేతులు బారజాపి అడ్డంగా నిలబడ్డాను. వీపుకి ముళ్లు గుచ్చుకుంటున్నా కదల్లేదు.

"కొట్టొద్దు తాతయ్యా, వచ్చే ఏడు కాస్తుంది."

"కాస్తుందని పూచీ ఎవరు?"

"నేను."

"పూచీ అంటే ఏంటో తెలుసా?"

తెలీదని తల అడ్డంగా ఊపాను. తాతయ్య కత్తి దించి నా ముందు గొంతుక్కూర్చున్నారు. "అది తన పని చేసేదాకా నువ్వు దాని పక్కనే ఉండాలి. ఊరికే వద్దని ఏడిస్తే పూచీ అయిపోదమ్మా" అన్నారు. సరేనన్నాను. అమ్మ గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు మొదలైంది నా పని. బట్టలుతికే కుళాయి నీళ్లన్నీ ఆ చెట్టు మొదట్లోనే నిలబడేవని తాతయ్య చూపించారు. మాది మెత్తటి నల్లమట్టి, నీళ్లు ఒక పట్టాన ఇంకవు. ఇద్దరం కలిసి చిన్న బోదె తవ్వి ఆ నీళ్లని మురుగు కాలవలోకి మళ్లించాం. మొదట్లో మన్ను ఎగదోసి, పశువుల ఎరువు వేశాం. గేటు మీదికి వాలిన కొమ్మలు, లోపల ఎండిపోయిన కొమ్మలు తాతయ్య కోస్తుంటే ఆ ముళ్లకంపలు నేను దూరంగా లాగేదాన్ని. పూత బాగా రావాలంటే చలికాలంలో నీళ్లు పొయ్యొద్దన్నారు. అన్నిటికంటే అదే కష్టంగా ఉండేది. ఆకులు వాలినట్టు కనిపిస్తే చాలు, చెంబు పట్టుకుని తయారయ్యేదాన్ని. తాతయ్య నవ్వి, ఆ చెంబు తీసుకుని తన కాళ్లు కడుక్కునేవారు.

ఫిబ్రవరి అయిపోయినా మొగ్గ లేదు. రోజూ బడికి వెళ్తూ ఒకసారి, వచ్చాక ఒకసారి కొమ్మకొమ్మా వెతికేదాన్ని. నా మాట పోతుందన్న బెంగతో అన్నం కూడా సరిగ్గా తినబుద్ధయ్యేది కాదు. తర్వాత ఒక పొద్దున్న పళ్లు తోముకుంటూ బయటికొస్తే, మల్లెపూలు ఎవరు తెచ్చారా అనిపించేంత వాసన. చెట్టు నిండా తెల్లటి చిన్న చిన్న పూలు. నా కేకకి అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. పాలు పొంగిపోయాయి గానీ ఎవరూ పట్టించుకోలేదు.

వానలు పడేసరికి గులాబీ రంగు కాయలతో కొమ్మలు వంగిపోయాయి. వాటిని కోస్తే చేతులకి అంటుకునే జిగురు పాలు కొబ్బరినూనె రాసినా ఒక పట్టాన వదిలేవి కాదు. అమ్మ తనే వాక్కాయ పప్పు వండి, పక్కింటి అత్తయ్యకి గిన్నెలో పెట్టి నాతో పంపింది.

అత్తయ్య గిన్నె అందుకుని ఒకటే నవ్వు. "ఆ రోజు నీ బదులు నేను రావాల్సింది! మీ తాతయ్యగారు ముందురోజు సాయంత్రమే చెప్పారు, నేను కత్తి ఎత్తగానే నువ్వొచ్చి 'ఈ ఒక్క ఏడాదికీ వదిలేయండి బాబాయిగారూ' అనమ్మా, మా కోడలు మెత్తబడుతుందీ అని. నేను గోడ దాకా వచ్చేలోపే నువ్వు అడ్డం పడిపోయావు." నేను కోపంగా ఇంటికొచ్చి అడిగితే, తాతయ్య పప్పన్నం కలుపుకుంటూ, "నేను ఆడింది నాటకమే. నువ్వు నిజంగానే పూచీ పడ్డావు కదా, అందుకే కాసింది" అన్నారు. అమ్మకీ నవ్వాగలేదు.

ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలో పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. స్టాఫ్‌రూములో ఎవరైనా, "ఈ పిల్లలకి ఇంక రాదండీ, వదిలేద్దాం" అంటే నా నోరు ఊరుకోదు. "నేను చూసుకుంటానండీ" అనేస్తాను. అన్నాక ఆ సాయంత్రం నుంచే వాళ్ల పక్కన కూర్చుంటాను. కొందరు గట్టెక్కుతారు, కొందరు ఎక్కరు. ఈ ఏడు ఇద్దరున్నారు. ఒకడికి ఎక్కాలు రావు. ఒకమ్మాయి అసలు బడికే సరిగ్గా రాదు. రేపు ఆ అమ్మాయి వాళ్లింటికి వెళ్లాలి.