ముప్పై ఒకటో కర్ర

దయ్యాల కబుర్లు మా ఇంట్లో వంటగదిలో కూడా వినిపించేవి కావు. తాతయ్య ఒప్పుకునేవారు కాదు. నేనూ ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు నమ్ముతున్నానని అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

గోదావరి జిల్లాలో మాది ఒకప్పుడు పెద్ద కుటుంబం. పొలాలూ మేడా నాకు పదేళ్లు నిండకముందే పోయాయి. నాకు మిగిలింది నిటారుగా కూర్చునే అలవాటు, ఎవరినీ ఏదీ అడగకూడదనే పట్టుదల.

మేము ఉండేది క్రైస్ట్‌చర్చ్‌కు గంటన్నర దూరాన, కొండల కింద ఒక చిన్న ఊళ్లో. నా భర్త శ్రీధర్ పశువుల డాక్టర్, వరంగల్ మనిషి. రెండేళ్ల క్రితం నాకు జూలై నెలాఖరుకు డెలివరీ అన్నారు. భూమధ్యరేఖకు దిగువనున్న ఈ దేశంలో అది నడి చలికాలం. గట్టిగా మంచు పడితే మా రోడ్డు మూసుకుపోతుంది. చివరి రెండు వారాలు సిటీలో ఉండమని మిడ్‌వైఫ్ హెలెన్ మొదటి నుంచీ చెబుతూనే ఉంది. సిటీలోనే రిక్కార్టన్‌లో ఉండే, మాకు తెలిసిన పద్మ ఆంటీ తన ఇంట్లో గది ఇస్తానని రెండుసార్లు ఫోన్ చేసింది. ఒకరింట్లో పురుడు పోసుకోవడం మా వంశంలో లేదన్నాను.

"మీ వంశంలో మంచు కూడా లేదమ్మా," అంది ఆంటీ.

అయినా నేను కదల్లేదు. ప్లాన్ వేశాను. టైర్లకు చైన్లు, పార, దుప్పట్లు, ఫ్లాస్కు, ఫోన్‌కు ఇంకో చార్జర్, అన్నీ జూన్‌లోనే కారులో పెట్టించాను. తనకు దూడల్ని బయటికి తీయడం వచ్చని శ్రీధర్ ధైర్యం చెప్పబోతే, ఆ మాట ఇంకోసారి అనవద్దన్నాను.

మా గేటు నుంచి హైవే దాకా రోడ్డంచున రిఫ్లెక్టర్లున్న మార్కర్ కర్రలు ముప్పై ఎనిమిది. ముప్పై ఒకటో కర్ర దగ్గర రోడ్డు ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది. తిరక్కపోతే ఎదురుగా సాగునీటి కాలువ. మంచులో ఆ మలుపు కనిపించదు. అందుకని ఎండ కాసిన రోజుల్లో నాలుగుసార్లు ఆ దారిన వెళ్లి సాధన చేశాం. అతను నడిపేవాడు, నేను లెక్కపెట్టేదాన్ని. మొదటి కర్రను 'లాభం' అనేదాన్ని. మా కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. శ్రీధర్‌కు అది వింతగా ఉండి నవ్వేవాడు.

నొప్పులు తొమ్మిది రోజులు ముందే వచ్చాయి. ఉదయం పదకొండు గంటల వేళ. రాత్రి మొదలైన మంచు ఇంకా కురుస్తూనే ఉంది. అంబులెన్స్ హైవే దాకా రాగలదు కానీ మా రోడ్డులోకి రాలేదన్నారు. ఫోన్ స్పీకర్లో హెలెన్‌ను ఉంచుకుని బయల్దేరాం.

కారు ముందు తెలుపు తప్ప ఏమీ లేదు. దగ్గరికి వెళ్లేదాకా కర్ర కనిపించదు. లాభం, రెండు, మూడు. పద్నాలుగు దాకా నేనే చెప్పాను, అది గుర్తుంది. అప్పుడొచ్చిన నొప్పికి కళ్లు మూసుకుని పళ్లు బిగపట్టాను. లెక్క మాత్రం ఆగలేదు. శ్రీధర్ అందుకున్నాడనుకున్నాను. తొందర లేకుండా, తర్వాతి కర్ర వచ్చేదాకా అదే అంకె. "ఇరవై ఆరు... ఇరవై ఆరు... ఇరవై ఆరు..." ముప్పై ఒకటి అని వినపడగానే కారు ఎడమకు తిరిగింది. ఆ తర్వాత లెక్క లేదు. కాసేపటికి హైవే మీద అంబులెన్స్ లైట్లు కనిపించాయి.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో మా అమ్మాయి పుట్టింది.

సాయంత్రం హెలెన్ వచ్చి, కారులో ఉన్న పెద్దాయన మీ నాన్నగారా అని అడిగింది. భాష తెలియకపోయినా ఆయన గొంతు వింటుంటే తనకే ధైర్యం వచ్చిందంది. నేను శ్రీధర్ వైపు చూశాను.

"నువ్వే గదా లెక్కవెట్టింది," అన్నాడు. "నొప్పులకు గొంతు మారిందనుకున్న."

అతను నోరు మెదపలేదట. పద్నాలుగు తర్వాత నేనూ మెదపలేదు. కారులో మూడో మనిషి లేడు. రేడియో ఆపే ఉంది.

ఎప్పుడో పోయిన తాతయ్యే వచ్చారని బంధువులందరికీ చెప్పాను. అలా చెప్పుకోవడం నాకు గొప్పగా ఉండేది. అది నిజం కాదు. తాతయ్య ఏనాడూ లెక్కపెట్టలేదు, కుర్చీలో కూర్చుని వినేవారు. కాటాలు వచ్చాక కూడా మా కళ్లంలో కుంచంతో కొలిచిన మనిషి సత్తెయ్య. లెక్క తప్పకుండా, ఇంకో కుంచం నిండేదాకా ఒకే అంకె అంటూ ఉండేది ఆయనే. హెలెన్ అడిగిన క్షణంలోనే ఆ గొంతు ఎవరిదో నాకు తెలిసింది. చిన్నపిల్లనైన నేను కూడా ఆయన్ని 'ఒరే సత్తెయ్యా' అనే పిలిచేదాన్ని.

పొలాలు పోయిన ఏడాది ఆఖరి కుంచం కొలిచాక ఆయన గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మావాళ్లెవరూ పలకరించలేదు. ఎటు వెళ్లాడో మేము అడగలేదు.

ఈ ఆగస్టులో నాకు రెండో కాన్పు. పద్మ ఆంటీని ఈసారి నేనే గది అడిగాను. మొన్న మా బాబాయికి ఫోన్ చేసి సత్తెయ్య సంగతి అడిగాను. ఆయన ఇంటిపేరు కూడా బాబాయికి తెలియదు. ఇంకో ఇద్దరిని అడిగాను, వాళ్లకూ తెలియదు.

ఆ గొంతు కారులోకి ఎలా వచ్చిందో నేను చెప్పలేను. మా కోసం ఎందుకు వచ్చిందో అంతకన్నా చెప్పలేను. కానీ ఆయన ఎక్కడివాడో, ఏమయ్యాడో తెలిసేదాకా అడుగుతూనే ఉంటాను.