పొయ్యికి పూలజడ

హైదరాబాదులో చలి కాచుకునే పొయ్యి ఉన్న ఇంట్లో పెరిగానంటే ఎవరూ నమ్మరు. నవ్వుతారు. నవ్వనివ్వండి. కొత్తగూడలో ఇప్పుడు వంతెన కింద బండ్లు ఇరుక్కుని ఒకదాన్ని చూసి ఒకటి హారన్లు కొట్టుకునే చోటికి కాస్త పక్కగా, డెబ్బైల మొదట్లో, బండరాళ్ళూ సీతాఫలం పొదలూ తప్ప మరేమీ కనిపించని రోజుల్లో, ఒక పాత బంగ్లా ఉండేది. ఎవరో జాగీర్దారు వేటకు వచ్చినప్పుడు దిగడానికి కట్టించుకున్నాడట. ఆయన ఇంగ్లండు సీమకు వెళ్ళొచ్చాడో, వెళ్ళొచ్చినవాళ్ళ కబుర్లు విన్నాడో గాని, హాల్లో ఒక గోడ మొత్తం ఇటుకలతో కట్టించి, మధ్యలో మనిషి దూరేటంత పొయ్యి, దానిమీద పొగగొట్టం పెట్టించాడు. తర్వాత ఆ బంగ్లా సర్కారు చేతికి వచ్చింది. సర్వే పనిమీద వచ్చిన మా నాన్నకు దాన్నే క్వార్టరుగా ఇచ్చారు.

నాన్న దాన్ని గౌరవంగా ఫైర్‌ప్లేస్ అనేవాడు. అమ్మ కుంపటి గూడు అనేది. ఊళ్ళోవాళ్ళకు అది దొర పొయ్యి. దొర అందులో మేకను నిలువునా కాల్చుకు తినేవాడని వాళ్ళ నమ్మకం. మాకు మాత్రం అది వానాకాలం బకెట్టు పెట్టుకునే చోటు. పొగగొట్టం మీద మూత ఎప్పుడో ఎగిరిపోయింది కాబట్టి వాన పడితే నేరుగా హాల్లోకే పడేది. ఇటుకలన్నీ మసిబారి, పెచ్చులూడి, సందుల్లో సున్నం రాలిపోయి ఉండేవి. ఎంత తుడిచినా ఆ గోడ మాసిన మొహంతోనే ఉండేది.

మేము గోదావరి వైపు వాళ్ళం. ఆ రోజుల్లో రెండు వైపుల మనుషుల మధ్యా మాట పెళుసుగా ఉండేది. మా యాస వినపడితే బస్సులో తల తిప్పి చూసేవారు. అందుకని అమ్మ బస్సులో నోరు విప్పడమే మానేసింది. ఉప్పు లేకుండా తినమన్నా తింటుంది గాని మాట్లాడకుండా ఉండమంటే మా అమ్మ ఉండలేదు. అలాంటి మనిషి పొద్దుట నాన్న ఆఫీసుకు వెళ్ళింది మొదలు సాయంత్రం దాకా ఆ పెద్ద హాల్లో నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు. నాకు తొమ్మిదేళ్ళు. నా దగ్గర ఎన్ని కబుర్లుంటాయి?

ఆ ఏడు శ్రావణమాసం మొదటి శుక్రవారం అమ్మ పేరంటం పెట్టుకుంది. నన్ను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగి, బొట్టు పెట్టి పిలిచింది. అందరూ బొట్టు పెట్టించుకున్నారు. "వస్తమమ్మా, వస్తం" అన్నారు. వచ్చారు కూడా. అయితే మెట్ల దగ్గరే ఆగిపోయారు. శనగలూ తాంబూలమూ అక్కడే కొంగులో పట్టుకుని, నిలబడిన కాళ్ళమీదే వెళ్ళిపోయారు. ఒక్కరు గడప దాటలేదు. లోపల పరిచిన చాప పరిచినట్టే ఉంది.

ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. "పేరంటానికి పిలిచి, బిచ్చం వేసినట్టు వాకిట్లో పెట్టి పంపానండీ. ఇంతకంటే పాపముందా?" అని ఏడ్చింది. "మన వైపు బదిలీ చేయించుకోండి. ముత్తయిదువ అడుగు పెట్టని ఇంట్లో నేనుండలేను" అంది. నాన్న ఏడుపుకు తట్టుకోలేడు. "వచ్చేవారం వరలక్ష్మీ వ్రతం ఉంది కదోయ్. దానికి కూడా ఎవరూ లోపలికి రాకపోతే మా ఆఫీసు పెద్దాయన్ని అడుగుతాను. ఒట్టు" అన్నాడు.

నాకు ఆ ఊరు వదలడం బొత్తిగా ఇష్టం లేదు. ఇంకో నెల ఆగితే సీతాఫలాలు కళ్ళు విచ్చుకుంటాయి. నాకు వరలక్ష్మి కంటే వాటిమీదే భక్తి ఎక్కువ.

మాకు పాలు పోసే ఆమె అమ్మకంటే పదేళ్ళు పెద్దది. ఊళ్ళో ఆమె మాటకు నలుగురూ తలాడిస్తారు. రోజూ మెట్ల మీద నిలబడే పాలు కొలిచి, "దొరసానీ, పాలు" అని కేకేసేది. ఆ పిలుపు అమ్మకు ఒళ్ళుమంట. మర్నాడు పొద్దున అమ్మ చెంబు పట్టుకుని అడిగేసింది.

"ఏమ్మా, మా ఇంట్లోకి ఎందుకు రారు మీరంతా? నేనేం తప్పు చేశాను?"

ఆమె ఇబ్బంది పడి, తలుపులోంచి కనిపిస్తున్న గోడకేసి చూసింది. "తప్పేముంది అమ్మా! గా దొర పొయ్యి ఉన్నది కద, నల్లగ నోరు తెరుసుకోని. దాన్ని జూస్తె బుగులైతది."

"మరి ఏం చెయ్యమంటావు? పడగొట్టించడానికి ఇది మా సొంతిల్లా?"

"పడగొట్టుడెందుకు? పండుగ ముంగట జర జాజు పెట్టుండ్రి. గోడ నిండ పెట్టుండ్రి. మొండి ఇటుక గింత గుడ కనవడొద్దు. ఎంత కళ వస్తదో మీరే జూడుండ్రి!"

ఇంతే. ఆ మాట పట్టుకుని అమ్మ వారం రోజులు బతికింది. సాయంత్రం నాన్న చెప్పులు విప్పకముందే, "గోడ నిండా జాజులు పెట్టాలటండీ. ఇక్కడి ఆచారమట" అంది. మా వైపు జాజులంటే పూలే. సన్నజాజులు. నాన్న ఆ గోడను కింది నుంచి పైదాకా చూసి, "దీనికి ఎన్ని మూరలు పడతాయోయ్?" అన్నాడు. పొలాలన్నీ గొలుసు పట్టి కొలిచే మనిషికి ఆ గోడ దగ్గర లెక్క తెగలేదు. "పూలు మీరు తెండి, మూరలు నేను చూసుకుంటాను" అంది అమ్మ.

నాన్న గురువారం సెలవు పెట్టి, పట్నం వెళ్ళి, తడిగుడ్డ కప్పిన పెద్ద గంపతో దిగాడు. బస్సులో ఎవరో ఎవరి పెళ్ళి అని అడిగారట. గోడది అని చెప్పలేక మేనకోడలిదని అబద్ధమాడాడట. నేనూ అమ్మా కూర్చుని వేళ్ళు పడిపోయేలా దండలు కట్టాం. నాన్న స్టూలెక్కి ఇటుకల సందుల్లో మేకులు కొట్టాడు. చీకటి పడేసరికి పొయ్యి నెత్తిమీద నుంచి రెండు పక్కలా నేలదాకా జాజులే జాజులు. ఇల్లు ఘుమఘుమలాడింది. అంత అందమైన గోడను నేను మళ్ళీ చూడలేదు. అమ్మ మొహం వెలిగిపోయింది.

తెల్లారేసరికి చాలా పూలు గోధుమరంగుకు తిరిగాయి. పొయ్యిలోంచి చీమలు బారులు కట్టి గోడెక్కాయి. సగం దండలు తెగి బకెట్లో పడ్డాయి. అమ్మ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, చీమలు దులుపుతూ ఉంటే పాలామె వచ్చింది. మెట్ల మీదే ఆగి, మెడ సాచి చూసింది.

"ఏంది అమ్మా గది? గోడకేమైంది?"

"నువ్వే కదమ్మా చెప్పావు, జాజులు పెట్టమని!" అంది అమ్మ.

ఆమె ఒక్క క్షణం అమ్మను చూసింది, ఒక్క క్షణం గోడను చూసింది. పాలకుండ మెట్ల మీద దించేసి, గడప దాటి, హాలు దాటి, తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళింది. వాడిన దండొకటి చేత్తో పట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడింది.

"అయ్యో చెల్లె! జాజంటె ఎర్రమన్ను! గోడకు పూసేది! నువ్వు పొయ్యికి పూలజడ ఏసినవ్ గదనే!"

అమ్మ మొహం ఎర్రబడింది. ఏడుస్తుందనుకున్నాను. పాలామె నవ్వుతూనే ఉంది. ఉన్నట్టుండి అమ్మ కూడా ఆమె పక్కనే చాప మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాన్న గోడకేసి తిరిగి మేకులు పీకుతున్నట్టు నటించాడు.

పాలామె కడుపులో మాట దాగుతుందా? గంట తిరక్కుండా ఊళ్ళో ఆడవాళ్ళంతా పూలజడ వేసుకున్న పొయ్యిని చూడ్డానికి వచ్చారు. మెట్ల దగ్గర ఒక్కరు ఆగలేదు. అసలు సంగతి పొయ్యి కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. దొర ఉన్నప్పుడు వాళ్ళెవరికీ ఆ గడప దాటే హక్కు లేదు. దొర పోయినా ఆ అలవాటు పోలేదు. ఆ పూట నవ్వులో పడి అలవాటు సంగతే మరిచిపోయారు.

వాడని దండలేరి అమ్మ ఒక్కొక్కరి తల్లో పెట్టింది. ఎవరో గంపెడు జాజు తెచ్చి కుండలో కలిపారు. పాతగుడ్డలు ముంచి నలుగురు గోడ పూశారు. పొయ్యి లోపలంతా సున్నం కొట్టారు. పాలామె సున్నంలో వేలు ముంచి ఇటుకకూ ఇటుకకూ మధ్య తెల్లగీతలు లాగింది. అమ్మ పట్టుచీర కొంగు దోపి, పొయ్యి చుట్టూ మా వైపు ముగ్గు వేసింది. ఎర్రటి గోడ, తెల్లటి గీతలు, ముగ్గు నడుమ శుభ్రమైన పొయ్యి. కలశాన్ని పొయ్యి పైగట్టు మీదే నిలబెట్టారు. మధ్యాహ్నం దాటాక తడిగోడ ముందు వ్రతం జరిగింది.

తాంబూలాల వేళ అమ్మ పసుపు గిన్నెతో పాలామె ముందు కూర్చుంది. ఆమె చటుక్కున కాళ్ళు చీరలోకి లాక్కుంది. "నాకొద్దు చెల్లె, నువ్వు నా కాళ్ళు ముట్టద్దు" అంది. అమ్మ ఆ పాదాన్ని చేత్తో పట్టుకుని బయటికి తెచ్చి, "ఇవాళ నువ్వే మా ఇంటి లక్ష్మివి, కాలు వెనక్కి తీసుకోకూడదు" అని పసుపు రాసింది. ఆమె తల వంచుకుని చాలాసేపు తన కాళ్ళనే చూసుకుంది. అప్పుడు నవ్వలేదు.

సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో అడుగు పెట్టే చోటు లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాడు. అందరూ వెళ్ళాక లోపలికి వచ్చి, ఇచ్చిన మాట కాబట్టి అడిగాడు.

"బదిలీ సంగతి మా పెద్దాయనతో రేపు మాట్లాడనా?"

అమ్మ గోడకేసి చూస్తోంది. వేలితో ముట్టి చూసింది. వేలికి ఎర్రగా అంటింది.

"ఇంకా తడిగానే ఉందండీ. ఇది ఆరాక అడుగుదురు గాని" అంది. తర్వాత, నవ్వు ఆపుకుంటూ, "వానాకాలం కదా, ఇప్పట్లో ఆరదు" అంది.