డాక్టరుగారి ఎర్రకారుకి ఎంత గాలి

శృంగవరపుకోటలో అరకు రోడ్డు మొదట్లో మాకో టైర్ల షాపు ఉండేది. మా ఆయన మేస్త్రి, నేను గాలి మనిషిని. టైరు విప్పడం, ఎక్కించడం ఆయన పని. గేజీ పెట్టి ఎంత గాలి ఉంచాలో తేల్చడం నాది. మూడో తరగతితో బడి మానేసినా అంకెలు నాకు బాగానే వచ్చు. ఇప్పుడు చెప్పేది కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఆషాఢంలో జరిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకే షాపు వేరేవాళ్లకి అప్పజెప్పేసి ఇంట్లో కూర్చున్నాను.

మా ఊళ్లో పిల్లల డాక్టరుగారికి ఎర్రటి పాత స్పోర్ట్సు కారు ఉంది. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, నేలకి జానెడు ఎత్తు. కూరగాయల సంచీకి చోటులేని బండి ఎందుకు బాబూ అని నేను చాలాసార్లు అన్నాను. ఆయన నవ్వేసేవారు. ముందటేడు వానల్లో అరకు కొండదారిలో, ఘాటీ మలుపు దగ్గర వెనక చక్రాలు జారి ఆ కారు సగం తిరిగి, రాతిగోడకి మూరెడు దూరంలో ఆగింది. పక్కన డాక్టరమ్మగారున్నారు. దెబ్బలేమీ తగల్లేదు గానీ ఆవిడ మళ్లీ ఆ కారెక్కలేదు. అమ్మేయమని ఒకటే పట్టు. చివరికి ఒప్పందమొకటి కుదిరింది. కొత్త టైర్లు వేయిస్తే ఆవిడ ఒక్కసారి ఘాటీకి వస్తారు. బండి ఏమాత్రం జారినా దాన్ని అమ్మేయాలి.

మా ఆయన పాత టైర్లు విప్పి నా ముందు పడేశాడు. నాలుగింటికీ నడిమి గీతలు నున్నగా అరిగిపోయాయి, అంచులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. అంచులు అరిగితే గాలి తక్కువైనట్టు, నడుమ అరిగితే ఎక్కువైనట్టు. ఆ టైర్లకి గాలి కొట్టింది నేనే. కొండమీంచి పనసకాయలు దింపే ఆటోలకి గట్టిగా కొట్టడం మా రోడ్డు అలవాటు. గట్టిగా ఉంటే టైరు ఎక్కువకాలం వస్తుందని, పెట్రోలు కలిసొస్తుందని నా పొదుపు. ఆ తేలిక కారుకీ అలాగే గేజీలో ముప్పై ఆరు దాకా కొట్టేశాను. నేలకి నడిమి పట్టీ ఒక్కటే ఆనితే తడి మలుపులో జారక ఏం చేస్తుంది?

మా ఆయనకీ అర్థమైంది. "ఒసే, టైర్లు ముసలివైపోయాయని సెప్పియ్. ఆలకేటి తెలుస్తాది?" అన్నాడు.

"తెలీదనే కదా మావా మనకాడికొస్తన్నారు" అన్నాను.

కారు తలుపు దగ్గర రేకు మీద ముందు ఇరవై రెండు, వెనక ఇరవై నాలుగు అని ఉంది. అది పాత నైలాను టైర్లకి రాసింది. కొత్త రేడియల్ టైరు పక్కన నలభై నాలుగని అచ్చు ఉంది. అది టైరు తట్టుకునే హద్దే గానీ అంత కొట్టమని కాదు. కంటితో చూసి తేల్చుదామంటే రేడియల్ టైరుకి గాలి సరిపడా ఉన్నా పక్కలు ఉబ్బే కనిపిస్తాయి. ఇక మిగిలింది సుద్దముక్క. టైరు మీద అడ్డంగా గీత గీసి, కొంతదూరం నడిపి, గీత ఎక్కడ చెరిగిందో చూడాలి. అదీ పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచి మొదలుపెట్టాలి. పరిగెత్తి వేడెక్కిన టైరు గేజీకి ఎక్కువ చూపిస్తుంది.

మర్నాడు పొద్దున్న డాక్టరుగారు కొత్త టైర్లెక్కించిన కారులో వచ్చారు. డాక్టరమ్మగారు ఆయన వెనకాలే ఆటోలో వచ్చారు. టైర్లు చల్లారేదాకా అందరం టీ తాగాం. ఆవిణ్ని కారులో కూర్చోమన్నాను.

"ఘాటీకి కదా వస్తానన్నది. ఇక్కడెందుకు?"

"ఖాళీ సీటుకి గాలి కొట్టి, తరవాత మనుషుల్నెక్కించీది మా ఆటోవోలు సేసే పనమ్మా. మీ బరువు కూడా ఉండాల."

"ఏం పైడమ్మా, నన్ను తూకంరాయిని చేశావా!"

ఆవిడ తలుపు మీద చెయ్యి వేశాక ఆగమన్నాను. పాత టైరు దొర్లించుకొచ్చి చూపించాను. ముందటేడు జారింది బాబుగారి చేతి తప్పు కాదు, నా గేజీ తప్పని చెప్పాను. మా ఆయన కంప్రెసరు వైపు తిరిగిపోయాడు. ఆవిడ టైరుని వేలితో తడిమి చూసి, డాక్టరుగారి వైపు తిరిగారు. "ఏడాదిగా మిమ్మల్నే తిడుతున్నాను కదండీ?"

"నాకలవాటే" అన్నారాయన.

ఆవిడ ఎక్కి కూర్చున్నారు. సుద్ద గీసి కారు నడిపి చూస్తే ముప్పై రెండుకి నడిమి సుద్దే పోయింది. టైర్లు చల్లారనిచ్చి ముప్పై చూశాం, అప్పుడూ నడుమే ఎక్కువ చెరిగింది. ముందు ఇరవై ఆరు, వెనక ఇరవై ఎనిమిది పెట్టినప్పుడు గీత ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకేలా పోయింది. ఆ మూడోసారి నాకంటే ముందు ఆవిడే దిగి వంగి చూశారు.

ఇద్దరూ వానలోనే ఘాటీకి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. కారు ఎక్కడా జారలేదట. డాక్టరమ్మగారి ఒళ్లో పెద్ద పనసకాయ ఉంది. ఆ బరువుకి నేను గాలి కొట్టలేదని కోప్పడ్డాను. అందులో సగం కాయ కోసి నాకిచ్చి వెళ్లారు. కారు అమ్మలేదు.

గాలి టైరుని చూసి కొట్టేది కాదు, దాని మీద కూర్చునే బరువుని చూసి కొట్టేది. కొట్టినది తప్పయితే ఆ మాట మనిషి బండెక్కక ముందే చెప్పాలి. షాపు తీసుకున్నవాళ్లకి గేజీతోపాటు ఈ రెండు మాటలూ అప్పజెప్పాను.