మనూర్ భాగ్య కట్టిన బాణీ

మా ఇంటి ముందు గదిలో సంగీత పాఠశాల ఉంది. పాఠశాల అనగానే పెద్ద భవనం అనుకునేరు. రెండు హార్మోనియాలు, ఒక కీబోర్డు, ఒక డోలక్, అంచులు చిరిగిన చాపలు, గుమ్మం బయట చెప్పుల గుట్ట. నడిపేది మా ఆయన గిద్యోను, ఊడ్చేది నేను, రిబ్కమ్మను. నారాయణఖేడ్‌లో పాటలు నేర్పేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, కొత్తగా బాణీ కట్టడం నేర్పేది మా ఆయన ఒక్కడే. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ క్లాసు మొదలవుతుంది, నా మధ్యాహ్నం నిద్ర చెడుతుంది.

ఈమధ్య మా పిల్లలకు మంచి పేరే వస్తోంది. సంగమేశ్ కట్టిన బాణీని హైదరాబాదులో ఎవరో షార్ట్ ఫిలింలో పెట్టుకున్నారు. జీవిత కట్టిన క్రిస్మస్ పాటను అక్కడి ఒక పెద్ద చర్చిలో క్వయర్ పాడింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ వాళ్ళిద్దరి గురించే అడుగుతారు, మా ఆయన ఫోను తీసి వాళ్ళ వీడియోలే చూపిస్తాడు. నాకు ఒళ్ళు మండుతుంది. భాగ్య గురించి ఒక్కరూ అడగరేం? అడగరు గనుక నేనే చెబుతున్నాను.

భాగ్యది మనూర్. తల్లి, అన్న మేస్త్రీ పనికి హైదరాబాదు పోయారు. ఊళ్ళో తండ్రి మల్లప్ప, తను. వానమీద ఆధారపడ్డ చెలక, అందులో కొంత పత్తి, కొంత కంది. భాగ్య ఖేడ్ బజారులో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. షేర్ ఆటోలో వస్తుంది, షేర్ ఆటోలో పోతుంది. మొదటిసారి మా గుమ్మంలో నిలబడ్డప్పుడు "సారూ, పాటలు నేర్సుకునుడు గాదు, కట్టుడు నేర్సుకుంట" అంది. అదే మొదటి మాట. ఈ పిల్లకు పొగరు అనుకున్నాను. పొగరు కాదు, పట్టు. పట్టిందంటే ఉడుంపట్టే.

ఇక్కడ మా ఆయన పిచ్చి నియమం ఒకటి చెప్పాలి. బాణీ కట్టినవాళ్ళు దాన్ని బయట తాము పాడకూడదు. సంగీతం తెలియని ఎవరో ఒకరికి నేర్పి వదిలేయాలి. కట్టింది ఎవరో ఆ మనిషి ఎక్కడా చెప్పకూడదు. ఆ బాణీ ఊళ్ళు తిరిగి తిరిగి, ముక్కూమొహం తెలియని వాళ్ళ నోటినుంచి మా ఆయన చెవిన పడాలి. అప్పుడే పాసు. "పేరు జూసి మెచ్చుకుంటే గది పాటకు మెప్పు గాదే రిబ్కా" అంటాడు. సంగమేశ్ బాణీ పెళ్ళి బ్యాండువాళ్ళ దగ్గరనుంచి తిరిగొచ్చింది. జీవితది బడిపిల్లల నుంచి వచ్చింది.

భాగ్య తన బాణీని భీమమ్మకు నేర్పింది. భీమమ్మది కూడా మనూరే. పత్తి ఏరే ఆడవాళ్ళ గుంపును ఆటోలో ఎక్కించుకుని కంగ్టి, సిర్గాపూర్ అని తేడా లేకుండా చేనుచేనుకూ తిప్పే పెద్ద మనిషి. ఆమె నోట పడ్డ పాట ఒకచోట ఆగుతుందా? ఏ ఊరికి పోతే ఆ ఊరి ఆడవాళ్ళు పట్టుకున్నారు, వాళ్ళకు తోచిన మాటలు పెట్టుకున్నారు. బాణీ మాత్రం అదే. "గీ పాట ఎవరిది భీమక్కా?" అని ఎవరైనా అడిగితే, మాట ఇచ్చింది గదా, పేరు చెప్పకూడదు. "ఎవరిదేంది, అవ్వల నాటి పాట" అనేసేది.

ఒకరోజు మా ఆయన బస్టాండు నుంచి పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు. కంగ్టి బస్సులోంచి దిగిన ఆడవాళ్ళు ఆ బాణీ పాడుతూ పోయారట. వాళ్ళెవరో ఈయనకు తెలియదు, భాగ్య ఎవరో వాళ్ళకు తెలియదు. "పాసు! ఫస్టు క్లాసు పాసు!" అని గంతులేశాడు. కూరగాయల సంచి బస్టాండులోనే మరిచిపోయాడు. ఆ పూట మాకు పచ్చిపులుసే గతి.

ఆ ఉత్సాహంలోనే హైదరాబాదులో ఒక సంస్థవాళ్ళు కొత్త బాణీలకు పోటీ పెడితే భాగ్య పాటను పంపాం. గెలిచిన బాణీని కట్టినవాళ్ళ పేరుతో రికార్డు చేస్తారట. భాగ్యకు కావలసింది ఆ పేరే. ఎందుకంటే ఇంట్లో మల్లప్పతో రోజూ అదే గొడవ. ఆయన చెడ్డవాడు కాదు, తాగడు, బిడ్డమీద చెయ్యెత్తడు. కానీ పాట అనేది మనిషి కడతాడంటే నమ్మడు. "పాటలు ఉంటయే, చెట్లు లేవా, గట్ల. ఎవలన్న కూసొని కడ్తరా?" అంటాడు. దసరాలోపు పాట నీదని ఎవరైనా ఒప్పుకుంటే సరే, లేకపోతే క్లాసు బంద్, ఆదివారం పూట చేనుకు రావాలి అని తేల్చి చెప్పేశాడు.

దసరాకు ముందే ఫోను వచ్చింది. స్పీకర్ పెట్టి అందరం విన్నాం. "మీరు పంపింది పాత జానపదం అమ్మా. ఆ ప్రాంతంలో చాలామందిని అడిగాం. అవ్వల కాలం నాటిదని అందరూ చెప్పారు. యూట్యూబులో కూడా అలాగే ఉంది. సొంత బాణీలు మాత్రమే తీసుకుంటాం" అన్నాడు అవతలి మనిషి. మర్యాదగానే అన్నాడు, అందుకే ఇంకా కడుపు రగిలింది. మా ఆయన చాపమీద కూలబడ్డాడు. పాట తిరిగి రావాలి, తిరిగి రావాలి అని ఇన్నేళ్ళు జపం చేశాడు గదా, వచ్చింది. పేరు ఒక్కటే దారిలో రాలిపోయింది. "ఇగ సంబురమేనా నీకు?" అని అడిగేశాను.

భీమమ్మతో సాక్ష్యం చెప్పిద్దామన్నాను. ఆమె ఫోనులో అరిచి మరీ చెప్పింది, అవ్వల పాట అన్నది తనే అని. సాక్ష్యాలు ఎవరైనా చెప్తారమ్మా అన్నారు అవతలివాళ్ళు. అంతే, తలుపు మూసేశారు.

మల్లప్ప ఇంకో అడుగు ముందుకేశాడు. "గా పాట నాకెర్కే. మా అవ్వ పాడేది, నేను చిన్నగున్నప్పుడు ఇన్న" అన్నాడట! భాగ్య ఆ ముక్క చెబుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిన్నగాక మొన్న మా చాపమీద పుట్టిన బాణీ ఆ మనిషికి అవ్వ గొంతులో వినిపిస్తోంది. ఇంతకంటే ఏ పోటీవాళ్ళు ఏం బహుమతి ఇస్తారు? కానీ ఆ మాటే పిల్ల క్లాసును మింగేస్తోంది.

"ఏం జేస్తవే బిడ్డా?" అన్నాను.

భాగ్య చున్నీ నడుముకు బిగించి లేచింది. "ఇంకోటి కడ్త అమ్మా. మా నాయిన ముందల్నే కడ్త. చేన్లనే."

మర్నాడు దుకాణంలో సెలవు చెప్పడానికి ఖేడ్ వచ్చిన ఆమెతోపాటు నేనూ మనూర్ ఆటో ఎక్కాను. మల్లప్పకు నాలుగు మాటలు అంటించి రావాలని నా ఉద్దేశం. చేను దగ్గర నన్ను చూడగానే ఆయన తలపాగా సర్దుకున్నాడు. "ఏందమ్మా, గింత దూరమొచ్చినవు?"

"నీ బిడ్డ పాట కట్టుడు చూడనీకి వచ్చిన మల్లప్పన్నా. నువ్వు గూడ చూడు."

"చూడనీకి యాడ టైముంది? మొగులు పట్టింది, పత్తి తడుస్తది." నిజమే, కర్ణాటక వైపునుంచి మబ్బు నల్లగా దిగుతోంది. భీమమ్మ గుంపు నడుములకు ఒడి కట్టుకుని సాళ్ళలో వంగి ఉంది. ఆయన వాళ్ళ వైపు తిరిగి కేకేశాడు. "మొగులొచ్చె, జల్ది ఏరుండ్రే!"

భాగ్య ఒడి కట్టుకుంది. "గా మాట చాలు నాయినా" అంటూ సాలులోకి దిగింది.

చేతులు పత్తి ఏరుతున్నాయి, నోరు ఆ మాటనే పట్టుకుంది. మొగులొచ్చె, మొగులొచ్చె, జల్ది ఏరుండ్రే. ఒక వరస పాడింది. ఆడవాళ్ళు అందుకోలేకపోయారు, తీసిపారేసింది. ఇంకో వరస పాడింది.

"సావుకాడ పాట లెక్కున్నది" అన్నాడు మల్లప్ప, చూడనీకి టైము లేనివాడు.

"అవు నాయినా, అట్లనే ఉన్నది" అని దాన్నీ వదిలేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. మొదటి ముక్క బాగుంటే రెండోది అతకదు. రెండోది అతికితే మొదటిది తేలిపోతుంది. ఉన్నది ఊడబీకుతుంది, కొత్తది పెడుతుంది. ఒక సాలు అయిపోయింది, పాట కాలేదు. నాకే విసుగొచ్చింది, ఉక్కకు తల తిరిగింది. ఆ పిల్లకు మాత్రం విసుగూ లేదు, సిగ్గూ లేదు. అంతమంది ముందు తప్పు పాడి, తప్పని తనే చెప్పి, మళ్ళీ పాడటానికి ఎంత గుండె కావాలి! నాకైతే ఆ క్షణంలో ఆమె మీద గౌరవం కలిగింది, చెప్పడానికి నాకేం నామోషీ లేదు.

మల్లప్ప మూట కట్టడం ఆపేశాడు. చాలాసేపు విన్నాడు. చివరికి ఉండబట్టలేక అరిచాడు. "ఓసి పిచ్చిదానా! జల్ది అన్నకాడ గంత సాగదీస్తవేందే? జల్ది అంటే జల్ది అనాలె!"

భాగ్య ఠక్కున నిలబడింది. ఆ మాటను కురచ చేసి, తెంపేసి పాడింది. భీమమ్మ అందుకుంది. వెనక సాలు అందుకుంది. ఇంకోసారికి చేనంతా అందుకుంది, చేతులు కూడా పాటతో పాటే ఆడాయి. మబ్బు మీదికి వచ్చేలోపు ఆ చేని పత్తి మొత్తం మూటల్లో పడింది. నేనూ ఏరాను, పాడాను. ఆరాధనలో కూడా అంత గట్టిగా ఎప్పుడూ పాడలేదు, దేవుడు క్షమించుగాక.

మంచెకింద మూటలు చేర్చాక మల్లప్ప బిడ్డ పక్కన కూర్చున్నాడు. "గిన్నిసార్లు ఇప్పుతరా? ఇప్పి మళ్ళ కడ్తరా?"

"అవు నాయినా."

"గా మొదటి పాటకు గూడ గిట్లనే చేసినవా?"

"దానికి ఇంకా పరేషానైన. ఒక వానకాలం పట్టింది."

ఆయన పుల్లతో నేలను గోకాడు. "మరి మా అవ్వ..." అన్నాడు నెమ్మదిగా.

భీమమ్మ ఊరుకుంటుందా? "మీ అవ్వ ఎన్నడు పాడింది మల్లప్పా? ఆమెకు తిట్టుడు తప్ప ఏమొచ్చు?" అంది. చేనంతా నవ్వింది, మల్లప్ప కూడా నవ్వాడు.

చినుకులు పడుతుంటే అందరం ఆటో దాకా నడిచాం. నడకలో ఆడవాళ్ళు అలవాటుగా మొదటి పాటే ఎత్తుకున్నారు. కంగ్టి నుంచి ఆ రోజే గుంపులో చేరిన రోజ అనే అమ్మాయి సంబరంగా అంది. "అయ్యో, గిది మా ఊర్ల గూడ పాడ్తరు. అవ్వల నాటి పాట గదా!"

భీమమ్మ నోరు తెరిచేలోపు ముందు నడుస్తున్న మల్లప్ప ఆగిపోయాడు. నెత్తిమీద పత్తి మూటతోనే మొత్తం మనిషి వెనక్కి తిరిగాడు.

"ఏ అవ్వ? ఎవరవ్వ? గా పాట నా బిడ్డ కట్టింది. భాగ్య దాని పేరు. మీ ఊరికి పోయి గట్లనే చెప్పు."

రోజ బిత్తరపోయి తల ఊపింది. భాగ్య దారి మధ్యలో నిలబడి, ఫోనులో పోటీవాళ్ళు కాదన్న రోజు ఏడవని పిల్ల, ఇప్పుడు బాహాటంగా ఏడ్చింది. మల్లప్పకు ఏం చేయాలో తోచలేదు. నెత్తిమీది మూటను పట్టుకున్న చెయ్యి మార్చుకున్నాడు.

"ఏడుపేందే, వాన పడుతుంటే? నడు. అయితారం క్లాసుకు పోవాలె గద. వచ్చే యేడు పోటీకి నేనే వస్త. పాట ఎవరిదో నన్నడుగుమను."