గద్దరెక్కల గౌరిని గీసిన చెయ్యి

ధర్మవరంలో పట్టుచీర అంచుకు కొత్త డిజైను కావాలంటే ఓబుళప్ప దగ్గరికే పోతారు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడికీ రంగు నింపి బొమ్మ గీయడం, దాని ప్రకారం మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టించి ఇవ్వడం ఆయన పని. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కళ్ళజోడు నాలుగుసార్లు మారింది గానీ చెయ్యి మాత్రం వణకలేదు. ఇంత నిదానస్తుడికీ ఒక పిచ్చి ఉంది. అది గద్దరెక్కల గౌరి.

ముప్పై ఆరేళ్ళుగా ఒక పిల్లల మాసపత్రికలో వస్తున్న బొమ్మల కథలో వీరనారి గౌరి. కచ్చ పోసి కట్టిన ఎర్రచీర, వీపున రాగి రెక్కలు. ఓబుళప్ప ఇరవై రెండేళ్ళవాడై, మగ్గం గుంటలో కూర్చుని ఎవరో గీసిన డిజైన్లు నేస్తున్న రోజుల్లో, బొరుగుల పొట్లం కట్టిన కాగితం మీద ఆమె మొదటిసారి కనిపించింది. ఆ రెక్కను చూసి గళ్ళ కాగితం మీద గీశాడు. అదే ఆయన మొదటి డిజైను. నన్ను గుంటలోంచి పైకి లాగింది గౌరే అని ఇప్పటికీ అంటాడు, నవ్వితే నొచ్చుకుంటాడు.

నిరుడు గౌరిని ఒక బెంగళూరు కంపెనీ కొనుక్కుంది. ఇప్పటి పిల్లల కోసమని ఆమెను పదహారేళ్ళ పిల్లను చేశారు. చీర పోయి జాకెట్టూ ప్యాంటూ వచ్చాయి. జుట్టు కత్తిరించారు. అన్నింటికన్నా ఘోరం, ఈ కొత్త గౌరికి ఎత్తులంటే భయం. అభిమానుల కొంప మునిగింది.

అభిమానులంటే ముప్పైమందికి పైనే. ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. హిందూపురం వాళ్ళకూ ధర్మవరం వాళ్ళకూ అనువుగా ఉంటుందని నెలకోసారి పెనుకొండలో ఒక హోటలు మేడ మీద కలుస్తారు. పెద్దరికం హిందూపురంలో సెల్‌ఫోన్ల అంగడి నడిపే జగదీష్‌ది. ఈ మనిషి తియ్యగా మాట్లాడతాడు. కోపమొస్తే ఇంకా తియ్యగా మాట్లాడతాడు.

ఆ నెల పెనుకొండలో కేశవ అనే బడిపంతులు లేచి, "మా పిల్లోళ్ళు పాత పుస్తకం ఇస్తే ముట్టల్యాప్పా. కొత్తదానికి కొట్లాడుకుంటాండారు. భయపడే పిల్ల ఎగిరితేనే గదా వాళ్ళకు ధైర్యం" అన్నాడు.

జగదీష్ నవ్వాడు. "సారూ, నువ్వు కిందికి పోయి టీ తాగప్పా. ఇంగ మేం మాట్లాడుకుంటాం."

కేశవ కిందికి పోయేసరికి ఆయన బండి సీటు ఈ కొస నుంచి ఆ కొస దాకా బ్లేడుతో కోసి ఉంది. ఎవరు కోశారని ఎవరూ అడగలేదు. ఓబుళప్ప కూడా చూశాడు, చూసి బస్సెక్కాడు. ఈ కథ చెబుతున్న నాకు ఆయన మీద మొదటి కోపం అక్కడే.

వారం తిరక్కుండా జగదీష్ కొత్త పుస్తకం అట్టబొమ్మ గ్రూపులో పెట్టాడు. 'చీరంటే ఏందో తెలీనోడు ఎవడో గీసినాడు. కంపెనీవాళ్ళు పేరు దాచిపెట్టినారు. ఆ చెయ్యి ఎవరిదో తెలిస్తే పోయి మాట్లాడాల' అని కింద రాశాడు.

ఓబుళప్ప బొమ్మను పెద్దది చేసి చూశాడు. గౌరి జాకెట్టు చేతికి చిలకల అంచు ఉంది. ఒక్కో చిలక గొంతు దగ్గర ఒక గడి ఖాళీ. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మగ్గం మీద జరీ పోగు చాలా దూరం నేతలో చిక్కకుండా పైన తేలితే గోటికి తగులుకుని తెగుతుంది. అందుకని మధ్యలో ఒక గడి వదిలి పోగును కట్టేస్తారు. దాన్ని చిలక గొంతు దగ్గరే వదలడం ఓబుళప్ప పద్ధతి. అచ్చు పుస్తకంలో పోగులూ లేవు, తెగేదీ లేదు. అయినా గడి వదిలారంటే అది అలవాటుపడిన చెయ్యి. ఆ పద్ధతి పట్టుబడింది ఒక్క ప్రమోదకే. పెళ్ళయి సోమందేపల్లికి పోకముందు ఆరేళ్ళు ఆయన ఇంట్లో కూర్చుని పని నేర్చుకున్న పిల్ల.

గర్వంతో ఆయనకు ఒళ్ళు తెలియలేదు. 'మీరు తిడతాండేది మన పిల్లనేనప్పా. ధర్మవరం పిల్ల ప్రమోద. నేనే నేర్పిస్తి' అని రాశాడు. ఊరు రాశాడు, బస్టాండు వెనక ఇల్లని రాశాడు. మనమ్మాయే అని తెలిస్తే చల్లబడతారని ఆయన లెక్క. చప్పట్ల బొమ్మలు వచ్చిపడ్డాయి. జగదీష్ మాత్రం విడిగా ఒక ముక్క పంపాడు. 'మంచి మాట చెప్పినావన్నా. పిల్లలుండారా? ఏ బడి?' ప్రమోద కూతురికి ఏదో బహుమానం ఇస్తారనుకుని ఓబుళప్ప అదీ చెప్పాడు.

తర్వాత మూడు రోజులు గ్రూపులో ఒక్క మాట రాలేదు. గంటసేపు కొట్లాడకుండా ఉండలేని మనుషులు వాళ్ళు. నాలుగో రోజు ఓబుళప్ప నెమలి మెడలో రెండుసార్లు తప్పు గడి నింపాడు. కాగితం పక్కన పెట్టి లేచాడు.

"పనిదినం యాడికి పోతాండావు?" అంది భార్య కుళ్ళాయమ్మ.

"ప్రమోదను చూసొస్తా."

పెనుకొండలో బస్సు మారి సోమందేపల్లి చేరేసరికి మూడు దాటింది. పట్టపగలు ప్రమోద ఇంటి తలుపు వేసి ఉంది. ఆమె కిటికీలోంచి చూసి, ఆయనేనని తెలిశాక తీసింది. తీసి మళ్ళీ గొళ్ళెం పెట్టింది.

"నిన్న ముగ్గురొచ్చినారు మామా. గొంతు పెంచల్యా, చెయ్యెత్తల్యా. ఈ మంచం మీదనే కూర్చోని టీ తాగినారు. గీసేది ఆపేయమ్మా, నీకే మంచిది అన్నారు." ఆమె నీళ్ళ గ్లాసు ఆయన చేతికిచ్చింది. "కంపెనీలో తప్ప నా పేరు ఎవరికీ తెలీదు. వీళ్ళకెట్ల తెలిసిందో. నాకు నేర్పించింది నువ్వని మాత్రం ఎవరితోనూ అనొద్దు. నీ ఇంటిమీదికీ వస్తారు."

ఓబుళప్ప గ్లాసు కింద పెట్టాడు. ఊరుకుందామనుకున్నాడు. ఊరుకుని ఉంటే ఆమె అన్నం కూడా పెట్టి పంపేది. కానీ తనకోసం ఆమె భయపడుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాడు.

"చెప్పింది నేనే ప్రమోదా. గొప్పకు చెప్పుకుంటి."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆయనకు అనిపించింది.

"ఏమేం చెప్పినావు?"

"నీ పేరు. ఊరు. ఇల్లు."

"ఇంకా?"

"పాప బడి."

ప్రమోద గోడ గడియారం వైపు చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా తలుపు తీసుకుని పరుగెత్తింది. ఓబుళప్ప ఆమె వెనకే, రొప్పుతూ, రోడ్డు దాటి సందులో పడి పరుగెత్తాడు. ఏమీ కాకూడదని మొక్కుకుంటూనే ఉన్నాడు.

బడి గేటు దగ్గర పిల్లలు పలచబడ్డారు. మెట్టు మీద ప్రమోద కూతురు భాగ్యశ్రీ కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఒళ్ళో కొత్త రంగు పెన్సిళ్ళ పెట్టె. ప్రమోద పాపను పట్టుకుని తలా చేతులూ తడిమి చూసింది. ఎక్కడా ఒక గీత కూడా లేదు.

పాప తల్లి చేతుల్లోంచి తొంగిచూసి ఓబుళప్పకు పెట్టె చూపించింది. "తాతా, నీ స్నేహితులంట, వచ్చి ఇచ్చిపోయినారు. నువ్వే పంపినావని చెప్పినారు. సోమవారం బండి తీసుకోనొచ్చి నన్ను నీ దగ్గరికి పిల్చుకోని పోతారంట."