అక్క ఇన్‌స్టిట్యూట్‌లో మిగిలిన కంప్యూటర్

ఉద్యోగం పోయాక నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. పొద్దున నా భార్య మొయినాబాద్‌లో తను పాఠాలు చెప్పే బడికి వెళ్లేది. ఆమెను బస్సెక్కించి రాగానే ఇల్లు ఇరుకైపోయేది. ల్యాప్‌టాప్ తెరిచి ఏ కంపెనీ నుంచైనా జవాబు వచ్చిందేమో చూసేవాణ్ని. మూసేవాణ్ని. చాయ్ పెట్టుకుని, తాగకుండానే చేవెళ్ల బస్టాండు దాకా నడిచేవాణ్ని. అక్కడ నాకేం పని? ఏమీ లేదు. తిరిగొచ్చేవాణ్ని.

అట్లాంటి రోజుల్లో ఒకసారి అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, రోడ్డు పెద్దగ జేస్తున్నరట. మన షట్టర్ గూడ పోతదంట. లోపట ఏమన్న పనికొచ్చేది ఉంటే తెచ్చుకో. లేకుంటే పాత సామానోనికి ఏసెయ్."

ఆ షట్టర్ ఒకప్పుడు అక్క నడిపిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. ఊళ్లో ఎందరో ఆడపిల్లలు మొదటిసారి కీబోర్డు మీద చేతులు పెట్టింది అక్కడే. అక్క వాళ్ల చేతుల మీద చున్నీ కప్పి, చూడకుండా కొట్టమనేది. నేనూ అట్లాగే నేర్చుకున్నాను. నేర్చుకునేవాళ్లు తగ్గాక అక్క దాన్ని మూసేసి, కనకమామిడిలో బావతో పాటు గులాబీ తోట పనిలో పడింది. కిందటేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట, నడక దక్కాయి. కుడి చెయ్యి మాత్రం సగమే తిరిగొచ్చింది. వేళ్లు ఆడించమని దవాఖానలో రబ్బరు బంతి ఇస్తే, అక్క దాన్ని కుక్కపిల్లకు పడేసింది.

షట్టర్ ఎత్తితే దుమ్ము, ఎలుకల వాసన. చాలా కంప్యూటర్లలో బోర్డు మీది బ్యాటరీ కారి రాగి తీగలను తినేసింది. ఒక్కటి మాత్రం కరెంటు పెట్టగానే బీప్ మంది. దాని కీబోర్డు పసుపు పట్టి, ఇటుకలా బరువుగా ఉంది. ఒక కీ నొక్కాను. అది టక్కుమని దిగి, వేలిని పైకి నెట్టింది. ఫోను అద్దం మీద అక్క వేలు జారిపోవడం నేను చూశాను. ఇది జారనివ్వదు. దీని మీద అక్క మళ్లీ టైపు కొడితే? ఆ ఆలోచన వచ్చాక నేను ఇంట్లో ఆగలేదు, రోజూ ల్యాప్‌టాప్ పట్టుకుని షట్టర్ దగ్గరికే వచ్చాను.

హార్డ్ డిస్కు చచ్చిపోయి ఉంది. దాని బదులు మెమరీ కార్డు ఒకటి తగిలించాను. కానీ ఇప్పుడు దొరికే సిస్టం ఏదీ అంత పాత యంత్రంలో పట్టదు, నడవదు. అన్నిటికీ అడుగున ఉండి కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం ఒకటుంటుంది, కెర్నల్ అంటారు. దాన్నే ఈ యంత్రానికి సరిపడా, కావలసిన భాగాలే ఉంచి, నేను కట్టుకోవాలి. దాని పాత వెర్షన్ ఒకటి ల్యాప్‌టాప్‌లోకి దించుకున్నాను. కట్టే ముందు అది ప్రశ్నలు అడుగుతుంది. వైఫై కావాలా? కెమెరా కావాలా? శబ్దం కావాలా? అట్లాంటివి వందల కొద్దీ. ఉద్యోగంలో ఉన్నప్పుడు మెమరీ చాలకపోతే ఇంకాస్త పెంచేవాళ్లం. ఇక్కడ పెంచడానికి లేదు, తగ్గించుకోవడమే. వద్దు, వద్దు, వద్దు అంటూ పోయాను. కొన్నాళ్లుగా అందరూ నన్ను వద్దంటుంటే, నేను ఒకదాన్ని వద్దనడం బాగానే అనిపించింది. కొన్ని ప్రశ్నలు పూర్తిగా చదవలేదు కూడా.

మొదటిసారి అది తెర మీద రెండు వాక్యాలు చూపించి ఆగిపోయింది. లెక్కలు చేసే చిప్ ఈ యంత్రంలో లేదు, దాని బదులు ఆ పని చేసే భాగమూ పెట్టలేదు, ఇక నా వల్ల కాదు అని దాని అర్థం. ఆ రోజుల్లో చవక రకం కంప్యూటర్లలో ఆ చిప్ ఉండేది కాదు. ఆ భాగాన్ని చేర్చి మళ్లీ కట్టాను. ఈసారి అక్షరాల వరసలు మెల్లగా పైకి జరుగుతూ జరుగుతూ, చివరికి కర్సర్ వచ్చి మిణుకుమంది. ఆగలేక వెంటనే అక్కకు ఫోన్ చేసి రమ్మన్నాను.

బావ ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. అక్క కుర్చీలో కూర్చుని, తెర వంక చాలాసేపు చూసింది. ఎడమ చెయ్యి కీబోర్డు మీద పెట్టింది. తర్వాత ఆ ఎడమ చేత్తోనే కుడి చేతిని ఎత్తి, పక్కన దాని చోట్లో కూర్చోబెట్టింది. నొక్కింది. రెండు చేతుల వేళ్లతో కొట్టినా తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది, భుజం వంచి.

"వస్తలేదు తమ్మీ."

"ఉండక్కా, జర వైరు చూస్త."

"వైరు గాదు. నా చెయ్యే. దీంట్ల జోరు లేదు."

"అట్ల గాదక్కా..."

"నాకు తెల్వదారా? సబ్బు పట్టుకుంటే జారిపోతది. అన్నం ముద్ద జారిపోతది." ఆమె లేచి నిలబడి బావతో అంది, "పోదాం పా."

ఎడమ చేతి వేళ్లతో నొక్కినవి కూడా తెర మీదికి రాలేదని ఆ కంగారులో ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. వాళ్లు వెళ్లాక నేను కూర్చుని రెండు చేతులతో కొట్టాను. ఒక్క అక్షరం రాలేదు. ల్యాప్‌టాప్‌లో నేనిచ్చిన జవాబులు తిరగేశాను. ఇలాంటి పాత కీబోర్డు కావాలా అన్న ప్రశ్న దగ్గర వద్దు అని ఉంది. రోడ్డు మీదికి పరుగెత్తాను. వాళ్ల ఆటో ఎప్పుడో వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే బావ ఎత్తి, "పండుకున్నది. పొద్దుగాల మాట్లాడు" అని పెట్టేశాడు.

ఆ సాయంత్రమే మళ్లీ కట్టాను. అది తయారయ్యేదాకా షట్టర్ ముందు అటూ ఇటూ తిరిగాను. పక్క దుకాణాల గోడలు కూలుస్తున్న జేసీబీ ఆగినప్పుడల్లా, ఇక మా వంతేమోనని వెనక్కి చూసేవాణ్ని. కట్టడం అయ్యాక నొక్కి చూస్తే అక్షరాలు పడ్డాయి. మర్నాడు ఆటో మాట్లాడుకుని, మానిటర్‌ను సీటు మీద, కంప్యూటర్ పెట్టెను, కీబోర్డును ఒళ్లో పెట్టుకుని కనకమామిడి వెళ్లాను.

అక్క రేకుల షెడ్డు కింద గులాబీలను ఎడమ చేత్తో కట్టలుగా వేరు చేస్తోంది.

"మల్ల ఎందుకు తెచ్చినవ్?"

"నీ చెయ్యి గాదక్కా. నేనే కీబోర్డు తీసేసిన."

"కీబోర్డు ముందలనే ఉండె గద?"

"ఉండె. గని లోపల ప్రోగ్రాంల దానికి జాగ పెట్టలే. తొందరల వద్దన్న. నేను రెండు చేతులతోటి కొట్టినా రాలే."

అక్క చేతిలోని పూలు కింద పెట్టింది. "నిన్న ఇంటికొచ్చి ఎంత ఏడ్చిన్నో నీకు ఎరుకనా?"

ఎరుక లేదు. వైర్లు తగిలిస్తూ కూర్చున్నాను. యంత్రం లేచి కర్సర్ మిణుకుమంది. తర్వాత ఆమె వచ్చి కూర్చుని, కుడి చేతిని ఎత్తి పెట్టుకుని, చూపుడు వేలు కీ మీదికి వదిలింది. తెర మీద 'జె' పడింది. వేలు లేవలేదు. ఇంకో జె, ఇంకోటి, వరసంతా జెలు పరుచుకుంటూ పోయాయి.

"అరే, ఆపురా దీన్ని!" అంటూనే అక్క నవ్వింది. ఆ గొంతు విని తోటలోంచి బావ పరుగున వచ్చాడు. తెర నిండా జెలు చూసి, చెడిపోయిందా అని అడిగాడు.

కీ నొక్కిపట్టినా ఒక్క అక్షరమే పడేలా అక్కడే మార్చి ఇచ్చాను. ఆ వారంలోనే షట్టర్ కూలింది. మేమెవరం చూడ్డానికి వెళ్లలేదు. ఎండాకాలంలో నాకు నగరంలో ఉద్యోగం దొరికింది, మునుపటికంటే చిన్నది. అక్క కుడి చిటికెన వేలు ఇప్పటికీ మాట వినదు. కాడలు కోసే కత్తెర ఆ చేత్తో పట్టుకోగలుగుతోంది గానీ, కోసేంత బలం లేదు. రోజూ మధ్యాహ్నం కాసేపు టైపు కొడుతుంది. నేను ఆఫీసులో ఉండగా ఫోన్ చేస్తుంది.

మొన్న అడిగింది. "దీంట్ల తెలుగు రాదారా? ఎన్ని దినాలని ఇంగ్లీషుల గవ్వే మాటలు కొట్టాలె?"

ఆ నల్లటి తెర మీద తెలుగు అక్షరాలు రప్పించడం తేలిక కాదు. ఒత్తులు, గుణింతాలు దానికి తెలియవు. చూస్తానక్కా అన్నాను. ఎట్లా చేయాలో ఇంకా తెలియడం లేదు. భోజనాల వేళ డబ్బా తెరిచి పెట్టుకుని, తినకుండా దాని గురించే చదువుతూ కూర్చుంటున్నాను.